మంగళం పాడని మేస్త్రి

మేస్త్రి గారు పోయారన్న కబురు నాకు పిండిమరలో తెలిసింది. జొన్నలు పోసి నిలబడి ఉన్నాను. ఫోను చెవికి ఎంత అదుముకున్నా ఆ గోలలో సత్యవతి గొంతు ముక్కలుగానే అందుతోంది. "అన్నయ్యా... మన మేస్త్రి గారండీ... ఇటలీ పేపర్లో పడిందంట... అర్బాబ్ గారు చూపించారు..." మరవాడు బెల్టు జార్చాడు. మర ఒక్కసారిగా ఆగదు కదా. గిర్రున తిరిగి, మెల్లగా తిరిగి, తిరుగుతోందో లేదో తెలియని ఒక దశకి వచ్చి, ఎప్పుడు ఆగిందో చెప్పలేనట్టుగా ఆగింది. అప్పుడు మాత్రం ఆమె మాట శుభ్రంగా వినిపించింది. "పోయారంట అన్నయ్యా."

పిండి తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ తిట్టింది. తిట్టనీ అనుకున్నాను.

ఆయన గురించి మా ఊళ్ళో నేను చెప్పని గొప్ప లేదు. ఏడడుగుల మనిషి అని చెప్పాను. అబద్ధం. ఒమాన్ దేశం బర్కాలో మా రూమ్ గుమ్మం దగ్గర ఆయన తల వంచి లోపలికి వచ్చిన మాట నిజమే, కానీ ఆ గుమ్మం దగ్గర నేనూ వంగేవాణ్ణి, నా ఎత్తు మా ఊరందరికీ తెలుసు. ఆయన చెయ్యెత్తితే వందమంది వాయిద్యాలు పట్టుకుని లేచేవాళ్ళని చెప్పాను. అదీ అబద్ధమే. నేను చూసింది నలుగుర్ని. ఆ నలుగురూ కూడా ఆయన చెయ్యెత్తితే లేవలేదు. ఎందుకంటే ఆయన చెయ్యెత్తేవారు కాదు. ఒక మూల కుర్చీలో మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పంటి డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నవాడిలా కూర్చునేవారు.

ఆయన సంగీతం వాయించేవారు కాదు, రాసేవారు. కాగితం మీద ఆయన రాస్తే వేరేవాళ్ళు వాయించాలి. వాళ్ళ దేశంలో అలాంటి పెద్దవాళ్ళని మాస్ట్రో అంటారట. మా అర్బాబ్, అంటే నేను పనిచేసే ఒమానీ యజమాని, అలాగే పిలిచేవాడు. సత్యవతి నోట్లో అది రెండో రోజుకే మేస్త్రి అయింది. సత్యవతిది గోదావరి పక్క. అర్బాబ్ తోటబంగళాలో వంటా, ఇల్లూడవడమూ ఆమె చూసేది. నేను డ్రైవర్ని, కడప జిల్లా రాజంపేట పక్క. "తను ఇటుక ముట్టుకోడు, పక్కోడి చేత కట్టిస్తాడు. మేస్త్రి కాకపోతే ఇంకేటండీ?" అంది. తిరుగులేని మాట. ఆ పేరే ఉండిపోయింది.

ఇది రెండువేల ఎనిమిది, తొమ్మిది ఆ ప్రాంతపు చలికాలం. అర్బాబ్ సహం ఊరి దగ్గర సముద్రం ఒడ్డున హోటల్ కట్టించాడు. చిన్నప్పుడు ఇటలీలో చదువుకుని వచ్చినవాడు, అప్పటినుంచీ ఈయన సంగీతం మీద పిచ్చి. హోటల్ తెరిచే రోజున వాయించడానికి కొత్తది ఒకటి రాసిపెట్టమని ఈయన్ని పిలిపించి, బర్కాలో తన ఖర్జూర తోట బంగళా అప్పగించాడు. ఒక్కటే షరతు. ఆ షరతు నా ముందే, కారులో పెట్టాడు.

"మాస్ట్రో, మీరు ఎలాగైనా రాయండి. కానీ దీనికి ముగింపు ఉండాలి. అయిపోయిందని నా అతిథులకి తెలియాలి."

మేస్త్రి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ప్రయత్నిస్తాను" అన్నారు. ఆ మాట అన్న తీరు నాకు బాగా గుర్తు. మా ఊరి ముసలాయన ఒకడు, డాక్టరు బీడీ మానమంటే అచ్చం అలాగే అనేవాడు.

ముగింపు రాయడం ఏం పెద్ద పని అనుకున్నాను నేను. తలుపు బిగించే పనే కదా, గోడలు లేపినవాడికి అదో లెక్కా?

ఆయనకి ఏదీ పూర్తి చేసే అలవాటు లేదని మాకు మెల్లగా తెలిసింది. గ్లాసులో ఆఖరి గుక్క టీ వదిలేసేవారు. కంచంలో ఆఖరి ముద్ద వదిలేసేవారు. గదిలోంచి వస్తే తలుపు వెయ్యరు. ఫోనులో వాళ్ళ ఆవిడతో మాట్లాడి మాట్లాడి, ఉంటానని కూడా అనకుండా ఫోను బల్ల మీద పెట్టేసి తోటలోకి వెళ్ళిపోయేవారు. ఆవిడ అలవాటు పడినట్టుంది, తనే పెట్టేసేది.

"నా వంట బాలేదని వదిలేస్తున్నారేమో అన్నయ్యా" అని సత్యవతి బాధపడింది. "అడుగుదామంటే నాకు ఇంగ్లీషు రాదాయె."

"దొరల మర్యాద అదే. కంచం ఖాళీ చేస్తే ఆకలిగొట్టోడనుకుంటారు" అన్నాను.

"మీకెవరు చెప్పారు?"

"నేను యాడాడ తిరిగినోణ్ణి!"

నేను తిరిగింది బర్కా నుంచి సోహార్, సోహార్ నుంచి బర్కా. అయినా ఆమె నమ్మింది.

పొద్దున్నే ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరేవాణ్ణి. వెనక సీటులో కూర్చోరు, నా పక్కనే. ఏసీ కట్టేయమనేవారు. ఎండాకాలం కాదు కాబట్టి బతికాను. ఎక్కడికి సార్ అంటే చెయ్యి ముందుకు చూపించేవారు. తోటల్లో నీళ్ళ మోటార్ల దగ్గర ఆపించేవారు. తాగునీళ్ళ ట్యాంకరు కనపడితే దిగి దాని పొట్ట మీద వేళ్ళతో కొట్టి, చెవి ఆనించి వినేవారు. ఆ ట్యాంకరు నడిపే పాకిస్తానీ డ్రైవరు నన్ను చూసి, "డాక్టర్ హై క్యా?" అన్నాడు. అవునన్నాను. ఎందుకైనా మంచిది.

ఒకసారి సహం రౌండబౌట్ చుట్టూ తిప్పమన్నారు. తిప్పాను. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇండికేటర్ టిక్కుటిక్కుమంటుంటే కళ్ళు మూసుకున్నారు. మూడు పోలీసు జీపులు మమ్మల్ని వెంబడించాయని మా ఊళ్ళో చెప్పాను. జీపులు లేవు. ఒక్క పోలీసాయన చెట్టు నీడలో నిలబడి చూసి, నవ్వి, ఇక చాలు వెళ్ళండన్నట్టు చెయ్యూపాడు. నా వీపు తడిసిపోయిన మాట మాత్రం నిజం.

ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే తూకం కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. తన బతుకు ఎప్పుడూ వరసగా చెప్పలేదు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో తిత్తి హార్మోనియం లాంటిదేదో వాయించేవాణ్ణని ఒకరోజు చెప్పారు. ఇంకోరోజు, కడుపు కోసం గుర్రాల సినిమాలకి సంగీతం కట్టానని చెప్పారు.

"హీరో గుర్రం మీద వెళ్ళిపోతుంటాడు కదా చివర్లో. అప్పుడు బాకా ఊదుతారు. అలాంటివి ఎన్ని రాశానో! ముగింపులు రాయాలంటే నన్నే పిలిచేవాళ్ళు. సంతోషం ముగింపు, విషాదం ముగింపు. ఏది కావాలంటే అది, మధ్యాహ్నం భోజనం లోపల."

"మరి అర్బాబ్ అడిగింది కూడా రాసిపడేయండి సార్."

 ఆయన కారు అద్దం మీద వేలితో మెల్లగా కొట్టడం మొదలుపెట్టారు. ఒక దెబ్బ, కాసేపటికి ఇంకోటి, ఇంకా కాసేపటికి ఇంకోటి. తర్వాతి దెబ్బ కోసం నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. అది రాలేదు. బర్కా చేరిపోయాం.

ఆయన సంగీతం అలాంటిదేనని తర్వాత తెలిసింది. అర్బాబ్ నాకొక సీడీ ఇచ్చి కారులో ఉంచమన్నాడు. తన పాట తను వింటే సంతోషిస్తారు కదా అని ఒకరోజు సోహార్ దారిలో పెట్టేశాను. ఆయన చెయ్యి ఆపడానికన్నట్టు సగం లేచి, మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

నాకు తెలిసినట్టు చెబుతాను, తప్పయితే పెద్దలు మన్నించాలి. మొదట ఏమీ లేదు. చెడిపోయిన సీడీ అనుకున్నాను. తర్వాత ఊపిరిలాంటిది. పిల్లనగ్రోవిలో ఊది, స్వరం రాకముందే ఆపేసినట్టు. దాని కింద నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్, చెల్లో అంటారు, ఒకే స్వరం పట్టుకుని మెల్లగా గీస్తోంది. గీసిన కొద్దీ దాంట్లోంచి పాట పుట్టింది. చిన్న పిల్లలు నేర్చుకునే పాటలా సాదాగా ఉంది. నాలుగు అడుగులు వేసి, ఐదో అడుగు ఎత్తి, పెట్టకుండా ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచీ. మళ్ళీ అక్కడే ఆగింది. ఆగిన ప్రతిసారీ కాస్త సన్నబడుతోంది. చివరికి అది పాటో, రోడ్డు మీద టైర్ల చప్పుడో తెలియలేదు. సీడీ ఆగిపోయి ఎంతసేపయిందో కూడా తెలియలేదు.

 నా నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"ఎవరు పోయారు సార్?"

ఆయన నా వైపు తిరిగారు.

"ఏమన్నావు?"

భయపడ్డాను. వివరించబోయాను. "మా వైపు ప్రతి భజనకీ చివర మంగళం పాడతాం సార్. కర్పూరం వెలిగించి, అందరూ లేచి నిలబడి. మంగళం పాడకుండా ఎవరూ ఇంటికి పోరు. ఒక్క చావింటి ముందు భజనకి మాత్రం పాడం. తాళాలు అట్లాగే కింద పెట్టేసి లేచిపోతాం. మీ పాట వింటే అట్లా అనిపించింది. తప్పైతే మన్నించండి."

"కారు ఆపు" అన్నారు.

ఉద్యోగం పోయిందనుకున్నాను. సముద్రం వైపు మట్టిరోడ్డు ఉంటే దింపి ఆపాను. ఒడ్డున జాలర్లు వలని పికప్ బండికి కట్టి లాగుతున్నారు. ఆయన దిగలేదు. అద్దంలోంచి ఆ వల చూస్తూ చెప్పారు.

కూతురు పోయింది. పదకొండేళ్ళ పిల్ల. చెల్లో నేర్చుకుంటోంది. ఆ పిల్ల వాయించుకోవడానికని ఈయన ఒక పాట రాస్తున్నారు, రోజుకి కొంచెం. రాసినంత మేర పక్కగదిలో ఆ పిల్ల సాధన చేసేది. ఒకరోజు మధ్యలో ఆపి గుమ్మంలోకి వచ్చింది. "నాన్నా, నాకు ఒళ్ళు బాలేదు. మిగతాది రేపు వాయిస్తాను" అంది. అప్పటికే రెండు రోజులుగా జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ రేపు రాలేదు.

"ఆ తర్వాత ఏది రాసినా అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతుంది" అన్నారు. "మొదటిసారి అలాగే వదిలేసి వాయింపజేస్తే, జనం ఈలలు వేసి గోల చేశారు. రెండోసారీ గోల చేశారు. మూడోసారి ఎవరో పెద్దమనిషి పత్రికలో రాశాడు, కాలానికి ముగింపు లేదని ఈయన తత్వం అని. అంతే, నేను గొప్పవాణ్ణయిపోయాను. బహుమతులిచ్చారు. నా దగ్గర చదువుకున్న కుర్రాళ్ళు కూడా అలాగే మధ్యలో ఆపేస్తారు. వాళ్ళకి ఎవరూ పోలేదు. ఊరికే ఆపేస్తారు."

"మీరు వాళ్ళకి చెప్పలేదా సార్?"

"ఎవరూ అడగలేదు. అందరూ తత్వం అడిగారు. ఎవరు పోయారని నువ్వే అడిగావు."

మళ్ళీ ఆయనే అన్నారు. "మిగతాది రాస్తే ఆ రేపు వచ్చేస్తుంది. అది వచ్చి వెళ్ళిపోతే ఇంక నాకు ఆ పిల్ల ఏ రోజున ఉంటుంది?"

వల ఒడ్డుకి వచ్చింది. జాలర్లు అరుచుకుంటూ చేపలు ఏరుకుంటున్నారు. నేను కారు తిప్పాను. నాకూ ఆడపిల్లలే. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి ఇద్దరితోనూ ఊరికే మాట్లాడాను. ఫోను కార్డులో డబ్బులు అయిపోయేదాకా మాట్లాడాను.

ఆ తర్వాత ఆయనకి ఒకటే పట్టు. మంగళం చూడాలి. శుక్రవారం సెలవు. ఆ సాయంత్రాలు మా కడపోళ్ళ రూమ్‌లో భజన జరిగేది. మంచాలు గోడకి జరిపి, క్యారమ్‌బోర్డు మీద దేవుడి పటం పెట్టేవాళ్ళం. పాట ఎత్తుకునేది ఓబులేసు. పగలు సైట్‌లో కడ్డీలు వంచేవాడు, శుక్రవారం మా అందరినీ వంచేవాడు.

"ఏమన్నా, ఈ తెల్లాయప్పను యాడ పట్టుకొచ్చినావు?" అన్నాడు.

"నేను పట్టుకొచ్చేదేంది, ఆయప్పే వస్తాననె."

"తాళం పడతాడా మరి?"

"పట్టడమా! ఇటలీలో ఆయప్ప తాళం లేకుంటే పొద్దు పొడవదు" అన్నాను.

ఓబులేసు ఆయన చేతికి తాళాలిచ్చాడు. పాట మొదలైంది. రూమంతా దద్దరిల్లుతోంది. మేస్త్రి గారు తాళాలు రెండూ ఒక్కసారి, చాలా మెల్లగా తాకించి, చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆ మోత పూర్తిగా చచ్చేదాకా విన్నారు. ఇక్కడ చరణం అయిపోయి రెండో చరణం ఎత్తుకున్నాం. ఆయన ఇంకా వింటూనే ఉన్నారు.

"ఓయప్పా!" అని ఓబులేసు అరిచాడు. "వాటిని వాయించేదానికి ఇచ్చినాం, వినేదానికి కాదు!"

అందరూ నవ్వారు. ఏమన్నాడో నేను ఇంగ్లీషులో చెబితే మేస్త్రి గారు గట్టిగా తలూపి, "నిజమే, నా మీద ఎప్పుడూ వచ్చే విమర్శ అదే" అన్నారు.

చివరికి అందరం లేచాం. స్టీలు పళ్ళెంలో కర్పూరం వెలిగింది. ఓబులేసు మంగళం ఎత్తుకున్నాడు. అంతసేపు అరిచిన గొంతు అప్పుడు దిగుతుంది. ముఖాలు కూడా మారతాయి. వారమంతా దుమ్ములో పనిచేసిన మొగాళ్ళు, బండగొంతులు, ఆ నాలుగు ముక్కలు మాత్రం పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు పాడతారు. నేను పక్కకి చూశాను. మేస్త్రి గారు లేరు. తాళాలు మంచం మీద ఉన్నాయి. బయట కారుకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

దారిలో చాలాసేపటికి అడిగారు.

"చావింట్లో పాడని ఆ మంగళం, ఇంక ఎప్పటికీ పాడరా?"

"పెద్దకర్మ అయ్యాక ఇంట్లో మళ్ళీ దీపం పెట్టుకుని పాడుకుంటారు సార్."

"అప్పుడు కూడా పాడకపోతే? ముప్పై ఏళ్ళు పాడకపోతే?"

ఇక్కడ నా నోటికి రెక్కలొచ్చాయి. "ఎప్పుడైనా పాడొచ్చు సార్! మా శాస్త్రంలో స్పష్టంగా ఉంది. ఆ మనిషి గొంతు విన్నవాడు ఒక్కడు బతికున్నా చాలు, మంగళానికి గడువు దాటదు. మా వీసా లాంటిది కాదు అది."

ఆయన సీటులో నిటారుగా కూర్చున్నారు. ఆ ముఖంలోకి వెలుగొచ్చింది. ఒక రౌండబౌట్ దాటేదాకా ఓర్చుకున్నాను.

"సార్, అలాంటి శాస్త్రం లేదు. మీరు బాధపడుతుంటే చూడలేక ఇప్పుడే కల్పించాను."

తిడతారనుకున్నాను. ఆయన నవ్వారు. గట్టిగా, దగ్గొచ్చేదాకా నవ్వారు. నేను వినడం అదొక్కసారే.

"సంగీతంలో సూత్రాలన్నీ అలా పుట్టినవే" అన్నారు. "ఎవడో ఒకడు, పక్కవాడి బాధ చూడలేక దారిలో కల్పించినవి. తర్వాత వాటి మీద పరీక్షలు పెట్టి పిల్లల్ని ఫెయిల్ చేస్తున్నాం." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగారు. "ఆ మంగళంలో ఏముంటుంది? ఇంక చాలు, సెలవు అనా?"

"కాదు సార్. పాటంతా మనం దేవుణ్ణి అడుగుతాం, అది ఇయ్యి, ఇది ఇయ్యి, కాపాడు అని. మంగళంలో ఏమీ అడగం. నువ్వు చల్లగా ఉండు అంటాం."

"ఎవరికి? దేవుడికా?"

"దేవుడికే. ఇంతసేపూ మన పాట విన్నాడు కదా, పాపం."

ఇది నేను కల్పించింది కాదు. మా అమ్మ చెప్పింది.  తోట దగ్గర దించితే లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి కారు అక్కర్లేదన్నారు. వారం దాటింది. రోజూ సత్యవతిని అడిగేవాణ్ణి.

"ఏం చేస్తున్నారు?"

"రాస్తున్నారు, చెరిపేస్తున్నారు. పెన్సిలు పొట్టు ఊడవలేక చస్తున్నాను. నిన్న వంటింట్లోకొచ్చి నా పక్కన నిలబడి, పులుసు మరుగుతుంటే చూస్తా ఏడ్చారన్నయ్యా. ఉల్లిపాయలేమో అనుకుందామంటే, కొయ్యలేదు నేను."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను. స్టూలేశాను, కూర్చోమని."

తర్వాత ఇటలీ నుంచి ఆ నలుగురు వచ్చారు. ఎయిర్‌పోర్టు నుంచి నేనే తీసుకొచ్చాను. చెల్లోకి ప్రత్యేకంగా ఒక సీటు కావలసి వచ్చింది. దాన్ని వాయించేది ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి. ఆ పిల్ల బతికుంటే అదే వయసు. నాకు తట్టింది ఆయనకి తట్టకుండా ఉంటుందా? ఆవిడ ముఖంలోకి నేరుగా చూసేవారు కాదు. రిహార్సల్ హాల్లో జరుగుతుంటే నేను వాకిట్లో కుర్చీ వేసుకునేవాణ్ణి. పాట ఆ ఎత్తిన అడుగు దగ్గరికి రాగానే మేస్త్రి గారు లేచి తోటలోకి వెళ్ళిపోయేవారు. కొత్తగా రాసిన ఆఖరి పేజీ ఆయన ఒక్కసారి కూడా వినలేదు. ఆ చెల్లో ఆవిడ మొదటిసారి ఆ పేజీ తిప్పి, చదువుకుని, ఆయన్ని ఏదో అడిగింది. ఆయన తలూపారు. ఆవిడ వాయిద్యం పక్కన పెట్టి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

హోటల్ తెరిచిన సాయంత్రం, సముద్రం వైపు పెద్ద అరుగు మీద కుర్చీలు వేశారు. తెల్లటి దిష్‌డాషా అంగీల్లో అర్బాబ్ బంధువులు, మస్కట్ నుంచి దొరలు. చివర గోడ దగ్గర నేనూ, కొత్త చీరలో సత్యవతీ. మేస్త్రి గారు మొదట కనిపించి తర్వాత కనపడలేదు.

సంగీతం ఎప్పటిలాగే ఏమీ లేకుండా మొదలైంది. సత్యవతి, "ఇంకా మొదలెట్టలేదా?" అని గుసగుసలాడింది. తర్వాత ఊపిరి వచ్చింది, గీత వచ్చింది, పాట వచ్చింది. నాలుగు అడుగులు వేసింది, ఆగింది. మళ్ళీ వేసింది, ఆగింది. నాకు తెలుసు కాబట్టి ప్రతిసారీ ఊపిరి బిగబడుతున్నాను. మిగతా మూడు వాయిద్యాలూ ఒక్కొక్కటే తప్పుకున్నాయి. చెల్లో ఒక్కటే మిగిలింది. నాలుగు అడుగులు వేసి, ఐదో అడుగు ఎత్తింది.

పెట్టింది.

బాకాలు లేవు, ఆర్భాటం లేదు. పిల్ల లెక్క పూర్తి చేసి పలక చూపించినంత సాదాగా, ఇంకో రెండు వరసలు నడిచి, మొదలైన స్వరం దగ్గరికే వచ్చి నిలబడింది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అందరికంటే ముందు అర్బాబ్ లేచాడు. చప్పట్లు మోగాయి.

అక్కడితో ఆయన రాయడం మానేశారు. మళ్ళీ ఏమీ రాయలేదని, ముసలితనంలో ఒక డబ్బున్నవాడి హోటల్ కోసం మెత్తబడ్డాడని వాళ్ళ దేశపు పెద్దలు రాశారని తర్వాతెప్పుడో అర్బాబ్ చెప్పాడు. తత్వం తప్పాడట. ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఉంది. ఎవరితో చెప్పుకోను?

ఆ సాయంత్రం చప్పట్లు ఆగకముందే నేను బయటికి పరుగెత్తాను. హోటల్ వెనక, కారులో, అద్దాలన్నీ ఎక్కించుకుని తన సీటులో కూర్చుని ఉన్నారు. నేను తలుపు తీసి కూర్చున్నాను.

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

"నీకెలా తెలిసింది?"

"అందరూ చప్పట్లు కొట్టారు."

"వాళ్ళని కాదు. నిన్ను అడుగుతున్నాను."

"దణ్ణం పెట్టుకున్నాను సార్."

ఆయన ఒళ్ళో చేతుల్ని చూసుకున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ రేపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ పెద్దమనిషి ఖాళీగా కూర్చుని ఉన్నారు.  

"ఎలా ఉంది? పాడు" అన్నారు.

"నేనా సార్?"

"నేను వినలేదు. పాడు."

నా గొంతు సంగతి ఓబులేసుకి తెలుసు, అందుకే నాకు ఎప్పుడూ పాట ఇవ్వడు. అయినా పాడాను. మాటల్లేని పాట, ఆ ఐదో అడుగు నుంచి. శ్రుతి ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. ఒక వరస పాడాను, రెండో వరస సగం దాకా వెళ్ళాను, అక్కడ ఆగిపోయాను.

ఆయన చేతే పాడించాలని కావాలనే ఆగిపోయానని మా ఊళ్ళో చెబుతుంటాను. విన్నవాళ్ళు నా తెలివికి మెచ్చుకుంటారు. అంత తెలివి నాకెక్కడిది. మర్చిపోయాను, అంతే. ఎంత తడుముకున్నా అందలేదు. సిగ్గుతో స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన కాసేపు ఎదురుచూశారు. తర్వాత, నేను వదిలేసిన చోటు నుంచే అందుకున్నారు. ముసలి గొంతు, వణుకుతోంది. ఆపలేదు. చివరి స్వరం దాకా పాడారు.